డిజిటల్ లైబ్రరీలో తెలుగులో వెతికితే ఏమీ రావడం లేదు, ఎవరికైనా తెలుసా?

మునుగోడు వైపు తెలుగు టీచర్:
పొద్దున్నుంచి దీంతోనే సరిపోయింది. ఎనిమిదో తరగతికి ఫ్లోరైడ్ నీళ్ల మీద ప్రాజెక్టు పని ఇచ్చాను. ప్రాజెక్టు అంటే చాలు, గూగుల్లో మొదట కనపడింది ఎత్తి రాసుకొస్తున్నారు. అది మాన్పించి, రెండు చోట్ల ఉన్న సమాచారం చదివి, పోల్చి, సొంత మాటల్లో రాయించాలని నా ఆశ. తీరా చూస్తే డిజిటల్ లైబ్రరీలో ఏం కొట్టినా ఫలితాలు లేవనే వస్తోంది. నల్లగొండ అని కొట్టినా లేదు! సోమవారం ఎఫ్ఏ (ఏడాది మధ్యలో జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనం) రికార్డులు చూపించాలి. టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి ప్లీజ్.

నకిరేకల్ కంప్యూటర్ సార్:
ఏ లైబ్రరీ? ఫోనా, కంప్యూటరా?

అచ్చంపేట సోషల్:
మేడమ్, ఏమనుకోకండి. ముందు మీ పిల్లలకు ధారాళంగా చదవడం వచ్చా? మా దగ్గర ఎనిమిదిలోనూ ఒత్తుల దగ్గర ఆగిపోయేవాళ్లున్నారు. చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరిచే సర్కారు కార్యక్రమం తొలిమెట్టు గట్టిగా చేయించకుండా పరిశోధన, పోల్చడం అంటే ఎట్లా?

కల్వకుర్తి పండిట్:
తొలిమెట్టు 1 నుంచి 5 వరకే సార్. హైస్కూల్‌కు అలాంటిదే ఉన్నతి.

అచ్చంపేట సోషల్:
తెలుసండీ. కింద గట్టిపడకపోతే పైన పేరు ఏది పెట్టినా ఒకటే అంటున్నా.

పాలమూరు రిటైర్డ్ లైబ్రేరియన్:
అమ్మా, కంప్యూటర్ పక్కన పెట్టి పిల్లలను నల్లగొండ జిల్లా గ్రంథాలయానికి తీసుకెళ్లండి. పాత పేపర్లు అడగండి. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను అని ఎంతమంది టీచర్లకు తెలుసు? మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లోనే గోలకొండ పత్రిక పెట్టి ఊరూరా గ్రంథాలయాలు రావాలని కొట్లాడారు. ఇప్పుడు ఉన్నవాటిలోకి అడుగు పెట్టేవాళ్లు లేరు.

మునుగోడు వైపు తెలుగు టీచర్:
తీసుకెళ్లాలనే ఉంది సార్, బస్సు ఖర్చు ఎవరిస్తారు?
కంప్యూటర్ సార్, నేషనల్ డిజిటల్ లైబ్రరీ. స్కూల్ కంప్యూటర్లో చూస్తున్నా. ప్రశ్నపత్రాలు చేసే డీటీపీ సాఫ్ట్‌వేర్‌లోనే టైప్ చేసి, కాపీ చేసి వెతికే చోట పెడుతున్నా. అక్కడ ఏవో పిచ్చి గుర్తులు కనిపిస్తాయి, అది మామూలే కదా.

నకిరేకల్ కంప్యూటర్ సార్:
మామూలు కాదు మేడమ్, రోగమే అది. డీటీపీ ఫాంట్‌లో మీకు కనిపించేది తెలుగు, లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటరైనా తెలుగు అక్షరాలుగానే గుర్తించే పద్ధతిలో కొట్టాలి. ఫోన్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకుంటే చాలు.

మునుగోడు వైపు తెలుగు టీచర్:
ఫోన్‌లో కొట్టాను. కథల పుస్తకాలూ అవీ వస్తున్నాయి. ఫ్లోరైడ్ మీద మాత్రం లేదు.

ఓయూ పరిశోధక విద్యార్థి:
మేడమ్, ఐఐటీ ఖరగ్‌పూర్ తయారు చేసిన ఆ లైబ్రరీ అసలు పని, వేర్వేరు సంస్థల దగ్గర ఉన్నవాటి వివరాలు ఒక్కచోట చూపించడం. పుస్తకం పేరు, రచయిత, విషయం ఇలాంటి వివరాల్లోనే వెతుకుతున్నామనుకోండి. పాత తెలుగు పుస్తకాలు ఎక్కువగా పేజీలకు తీసిన ఫొటోలే, లోపలి మాటలు దొరకవు. పేర్లు కూడా చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు, ఒక్కోచోట ఒక్కో స్పెల్లింగ్. నల్లగొండకు ఒక ఎల్ పెట్టి చూడండి, రెండు పెట్టీ చూడండి.
ఫ్లోరైడ్ మీద పరిశోధన ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంది. 'నల్గొండ టెక్నిక్' అని ఇంగ్లీషులో కొట్టండి. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తేర్చి, ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి అది. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) తయారు చేసింది, మన జిల్లా పేరుతోనే వేరే దేశాల పరిశోధనా వ్యాసాల్లోనూ కనిపిస్తుంది. వ్యాసమంతా పిల్లలకు వద్దు, మొదట ఉండే సారాంశం ఇవ్వండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి ఒక కాగితం మీద, మీ ఊరి బోరు పరీక్ష రిపోర్టు ఉంటే అది పక్కన. పోల్చడానికి అంతకంటే ఏం కావాలి?

కల్వకుర్తి పండిట్:
ఇంగ్లీషు వ్యాసం చదివిస్తే తెలుగు విద్యాప్రమాణం, అంటే తెలుగులో పిల్లలకు రావాల్సిన నైపుణ్యం, ఎట్లా అవుతుందండీ? అందులో అవగాహన-ప్రతిస్పందన అంటే తెలుగు పాఠ్యం చదివి చేయాలి.

ఓయూ పరిశోధక విద్యార్థి:
ప్రాజెక్టు పనిలో సమాచార సేకరణ ఏ భాషలో అయితేనేం సార్, రాసేది తెలుగులోనే కదా.

కల్వకుర్తి పండిట్:
రేపు తనిఖీకి వచ్చినవాళ్లకు ఆ మాట మీరు చెప్తారా?

కోదాడ మ్యాథ్స్:
ప్రాజెక్టుకు ఎఫ్ఏలో ఉన్నవి 5 మార్కులు. ఇంత అవసరమా?

అచ్చంపేట సోషల్:
5 అనే కదా పిల్లలు కాపీ కొట్టేది.

మునుగోడు వైపు తెలుగు టీచర్:
ఒక ఎల్ తీసేస్తే వచ్చాయి. కొన్నింటికి లాగిన్ అడుగుతోంది, రేపు చూస్తా. ఇంగ్లీషు సార్‌ను బతిమాలాలిక. థాంక్స్ అందరికీ.

హాలియా తెలుగు:
డీటీపీలో ఉన్న పాత ప్రశ్నపత్రాలు యూనికోడ్‌లోకి మార్చేది ఏమైనా ఉందా సార్? నా దగ్గర కుప్పలు ఉన్నాయి.