2017లో ఏ గడిలో టిక్ పెట్టావు నాన్నా అని మా వాడు అడుగుతున్నాడు. ఏం చెప్పాలి?

పెన్నాగట్టు, సిడ్నీ:

అందరికీ నమస్కారం. ఈ ఫోరంలో నేను ఇన్నేళ్లలో కారు ఇన్సూరెన్సు గురించి, బంగినపల్లి మామిడిపళ్ల గురించి తప్ప ఏమీ అడగలేదు. ఇది కాస్త వేరే విషయం.

మాది నెల్లూరు. సిడ్నీ వచ్చి 20 ఏళ్లయింది. వెస్ట్‌మీడ్‌లో ఉంటాం. బస్సు నడుపుతాను. ఒక్కడే కొడుకు, 21 ఏళ్లు, యూనివర్సిటీలో చదువుతున్నాడు. పోయిన ఏడాది మా ఇద్దరినీ కూర్చోబెట్టి తను గే అని చెప్పాడు. మేం అరవలేదు, ఏడవలేదు. "సరే నాన్నా, అన్నం తిన్నావా" అన్నాను. నాకు అంతకన్నా మాట రాలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదనుకోండి, అది వేరే సంగతి. మొత్తానికి బాగానే నెట్టుకొచ్చాం అనుకున్నాను.

మూడు వారాల కింద హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లి తిరిగొస్తున్నాం. వాడే డ్రైవింగ్. నా ఒళ్లో పులిహోర డబ్బా. వాళ్లమ్మ వెనక సీట్లో నిద్రపోతోంది. రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగాడు, "2017లో ఆ ఫారం మన ఫ్రిజ్ మీద ఉండేది కదా నాన్నా. ఏది టిక్ పెట్టావు?"

అప్పుడు ఇక్కడ లేనివాళ్ల కోసం చెప్తున్నాను. ఆడా ఆడా, మగా మగా పెళ్లి చేసుకునేలా చట్టం మార్చాలా వద్దా అని ఆస్ట్రేలియాలో జనాన్ని పోస్టులో అడిగారు. మామూలు ఎన్నిక పెడదామంటే సెనేట్ ఒప్పుకోలేదు. దాంతో అప్పటి ప్రధాని టర్న్‌బుల్ ప్రభుత్వం గణాంకాల శాఖ చేత 'సర్వే' అని పేరు పెట్టి నడిపించింది. సెప్టెంబర్ 12 నుంచి ఫారాలు పంపారు, నవంబర్ 7 లోపు వాళ్లకి చేరాలి. ఒకటే ప్రశ్న, రెండు గడులు, అవును, కాదు. తిరుగు కవరుకి స్టాంపు కూడా అక్కర్లేదు.

మా ఇంటికొచ్చిన ఫారాన్ని స్వామి మాగ్నెట్ కింద, స్కూలు క్యాంటీన్ మెనూ పక్కన పెట్టాను. పది రోజులు అక్కడే ఉంది. మా వాడికి అప్పుడు 13. రోజూ పొద్దున పాలు తీసుకునేటప్పుడు చూసేవాడట, టిక్ పడిందా లేదా అని. ఒకరోజు చూస్తే మాగ్నెట్ ఉంది, ఫారం లేదు. "అడిగితే నీకెందుకురా అంటావని అడగలేదు" అన్నాడు.

పదమూడేళ్ల పిల్లాడు పాల డబ్బా చేత్తో పట్టుకుని ఆ కాగితం ముందు నిలబడటం, మూడు వారాలుగా అదే కళ్ల ముందు ఆడుతోంది.

"గుర్తులేదురా" అన్నాను.

బాగా గుర్తుంది. 'కాదు' అని పెట్టాను. ఆ రోజుల్లో మా వాట్సాప్ గ్రూపుల్లో రోజుకో ఫార్వర్డ్. చట్టం మారితే స్కూళ్లలో మగపిల్లలకి గౌన్లు వేస్తారని, గుళ్లలో బలవంతంగా పెళ్లిళ్లు చేయిస్తారని. డిపోలో టీ తాగేచోట కూడా ఇదే గోల. మా పిల్లాడి కోసమే 'కాదు' అంటున్నాను అనుకున్నాను, చూడండి ఎలా ఉందో.

ఇంకో మాట. ఇక్కడ మామూలు ఫెడరల్ ఎన్నికల్లో ఓటు వేయకపోతే 20 డాలర్ల ఫైన్. దీనికి అది కూడా లేదు. మనకెందుకులే అని చెత్తబుట్టలో వేసినా అడిగేవాడు లేడు. నేను పనిగట్టుకుని డ్యూటీకి వెళ్తూ దారిలో ఆగి ఎర్ర డబ్బాలో వేశాను. అందుకే గుర్తుంది.

ఎవరు ఏం పెట్టారో ఎవరికీ తెలిసే దారి లేదు. 'అవును' పెట్టానని చెప్తే వాడు నమ్ముతాడు, సంతోషిస్తాడు. ఇప్పుడైతే నిజంగా అదే పెడతాను కూడా. చెప్పేయనా? లేకపోతే నిజం చెప్పి వాడి మనసు విరిచేయాలా?


హనుమకొండ, బ్రిస్బేన్:

అన్నా, 'అవును' అని చెప్పేయ్. పరీక్షలేమైనా పెడుతున్నారా? ఎనిమిదేళ్లయింది. చట్టం కూడా వచ్చేసింది. ఇంట్లో టెన్షన్ ఎందుకు.


గోదారోడు, మెల్‌బోర్న్:

పెన్నాగట్టు గారూ, నాది మీ అబ్బాయి వైపు కథ. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

2017లో నేను 457 వీసా మీద, అంటే తాత్కాలిక ఉద్యోగ వీసా మీద ఉన్నాను. సిటిజన్లకే ఫారం. అంటే నేను పెళ్లి చేసుకోవచ్చా లేదా అని కోటీ అరవై లక్షల మందిని అడిగారు, నన్ను అడగలేదు. ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర ఒకాయన చాలా మర్యాదగా, నాకేం ద్వేషం లేదు గానీ అని మొదలుపెట్టేవాడు. నేను పెరుగన్నం కలుపుకుంటూ తల ఊపేవాణ్ణి. రెండు నెలలు అలా తల ఊపాను.

ఓటు లేదు కాబట్టి సాయంత్రాలు 'అవును' ప్రచారం వాళ్ల దగ్గరికి వెళ్లి ఫోన్లు చేసేవాణ్ణి. ఫారం పోస్ట్ చేశారా, చేయకపోతే త్వరగా చేయండి అని గుర్తుచేయటమే పని. ఒకరోజు ఫోన్ ఎత్తినావిడ గొంతు వినగానే మనవాళ్లని తెలిసిపోయింది. తెలుగులోకి మారాను. ఆవిడ ఎంత సంతోషపడిందో! ఏ ఊరు బాబూ, ఎక్కడ ఉద్యోగం, వంట నువ్వే చేసుకుంటున్నావా అని పది నిమిషాలు. ఫారం సంగతి మాత్రం తేల్చలేదు. చివర్లో "పెళ్లయిందా బాబూ?" అంది. "ఇంకా లేదండీ" అన్నాను. ఫోన్ పెట్టేశాక తట్టింది, "మీ ఫారం మీద ఆధారపడి ఉందండీ" అనాల్సింది. నాకు జవాబులన్నీ ఫోన్ పెట్టేశాకే తడతాయి.

నవంబర్ 15 పొద్దున్నే స్టేట్ లైబ్రరీ ముందు జనం, మధ్యలో పెద్ద తెర. పది గంటలకి గణాంకాల శాఖ అధిపతి డేవిడ్ కలిష్ మైకు ముందుకొచ్చాడు. ఇంకెవరైనా అయితే ముందు ఫలితం చెప్తారు. ఆయన లెక్కలాయన కదా, సర్వే ఎలా చేశారో, ఎంత మంది పాల్గొన్నారో చెప్పుకుంటూ పోయాడు. నా పక్కన ఓ పెద్దావిడ, ముక్కూ మొహం తెలీదు, నా మణికట్టు పట్టుకుంది. 61.6 శాతం అవును అనగానే వదిలేసి చప్పట్లు కొట్టింది. ఆ వేళ్ల అచ్చులు నా చేతి మీద కాసేపు అలాగే ఉన్నాయి.

డిసెంబర్ 7న పార్లమెంటు దిగువ సభలో బిల్లు పాసయింది, వద్దని ఓటేసినవాళ్లు నలుగురే. 9 నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. నెల ముందు నోటీసు ఇవ్వాలి కాబట్టి ఎక్కువ పెళ్లిళ్లు జనవరి 9 నుంచే మొదలయ్యాయి. మాది 2019లో. మా ఆయన (అవును, అలాగే అంటాను) ఇక్కడివాడే. పెళ్లి జరిపించే ఆవిడ చట్టంలో ఉన్న వాక్యం గట్టిగా చదవాలి. ఒకప్పుడు అందులో 'ఒక పురుషుడు, ఒక స్త్రీ' అని ఉండేది. ఇప్పుడు 'ఇద్దరు వ్యక్తులు'. ఆవిడ ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగి మావైపు చూసింది.

మా అమ్మ వచ్చింది రాజమండ్రి నుంచి. నాన్న రాలేదు, మోకాళ్లు అన్నాడు. అదే నెలలో అరుణాచలం గిరి ప్రదక్షిణ చేశాడు. పోయిన ఏడాది కాలం చేశాడు. మోకాళ్లు కాదురా, నాకు ఇష్టం లేక రాలేదు అని ఉంటే కొట్లాడేవాణ్ణి, ఏడాది మాట్లాడేవాణ్ణి కాదేమో, తర్వాత మాట్లాడేవాణ్ణి. మోకాళ్లతో ఎలా కొట్లాడను?

ఇండియా వెళ్తే మా ఆయన ఇప్పటికీ 'ఫ్రెండే'. అక్కడ సుప్రీంకోర్టు వాళ్లు 2018 సెప్టెంబర్ 6న మాలాంటి వాళ్ల బంధం 377 సెక్షన్ కింద నేరం కాదన్నారు, 2023 అక్టోబర్ 17న పెళ్లి మాత్రం మా చేతిలో లేదన్నారు. ఆ పెళ్లి కేసులో ముందు నిలబడిన జంట 2021 డిసెంబర్‌లో మన హైదరాబాద్ దగ్గర అందరి ముందూ పెళ్లి వేడుక చేసుకున్నవాళ్లే. ఫోటోలు చూసి మా అమ్మ "తెలంగాణలో చేసుకున్నారట రా" అంది. ఆవిడ ఊరడింపు అది.

నిజం చెప్పండి. 'కానీ' అనే మాట లేకుండా చెప్పండి, చాలు.


నిజంనిష్ఠూరం, పెర్త్:

ఇక్కడ అందరూ ఆయన్ని దోషిని చేస్తున్నారు. 48 లక్షల పైచిలుకు మంది 'కాదు' అన్నారు, అందరూ రాక్షసులా? గోదారోడు గారూ, మీవాళ్లే జనాన్ని అడిగారు, ఆయన చెప్పాడు. ఎవరి నమ్మకం వాళ్లది. పెన్నాగట్టు సార్, కన్నకొడుక్కి క్షమాపణ చెప్పే పరిస్థితి తెచ్చుకోకండి.


గోదారోడు, మెల్‌బోర్న్:

రాక్షసులని ఎవరన్నారండీ? నాతో లంచ్ తిన్నాయన నాకు కూరలు కూడా పెట్టేవాడు. మేం అడిగింది అసలు జనాన్ని అడగొద్దనే. 2004లో అప్పటి ప్రధాని హోవర్డ్ ప్రభుత్వం పెళ్లంటే ఆడా మగా మాత్రమే అని చట్టంలో రాసినప్పుడు ఏ ఇంటికీ ఫారం రాలేదు. పార్లమెంటులో రాశారు, అయిపోయింది. తీసేయాలంటే మాత్రం దేశం మొత్తాన్ని అడగాలట.


కరివేపాకు, బ్లాక్‌టౌన్:

పెన్నాగట్టు గారూ, నేను బ్లాక్‌టౌన్‌లోనే అప్పటి నుంచీ ఉన్నాను. ఆ ఫార్వర్డులు మా గ్రూపులోకీ వచ్చాయి, నేను కూడా రెండు పంపాను. ఇంకా ఎవరికీ చెప్పలేదు, మీకే చెప్తున్నాను. మీరొక్కరే కాదులెండి. మొత్తం 150 నియోజకవర్గాల్లో కాదన్నవి 17, అందులో 12 మన రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌వే, ఎక్కువ మన పడమటి సిడ్నీ వైపే. దేశమంతా 61.6 శాతం అవునంటే, మీ వెస్ట్‌మీడ్ ఉన్న పర్రమట్టాలో సరిగ్గా 61.6 శాతం కాదంది. మీ వాడు పెరిగింది ఆ ఊళ్లో. ఫలితాలు అప్పుడే చూసి ఉంటాడు, లెక్క వేసుకునే ఉంటాడు. మీరు 'అవును' అన్నా పూర్తిగా నమ్ముతాడనుకోకండి.

మీకూ మాట్లాడే మనిషి కావాలంటే సిడ్నీలో త్రికోణ్ (Trikone) అని దక్షిణాసియా గే, లెస్బియన్ వాళ్ల బృందం ఉంది. అలాంటి వాళ్లకి సాయం చేసే క్యూలైఫ్ అని ఫోన్ లైన్ కూడా ఉంది, పిల్లలే కాదు తల్లిదండ్రులూ చేయొచ్చు.

ఒకటి అడుగుతాను. ఇంత రాశారు, 'మా ఇంటికొచ్చిన ఫారం' అన్నారు. ఫారం ఇంటికొకటి రాలేదు కదా, మనిషికొకటి వచ్చింది. మరి మీ ఆవిడ ఏం పెట్టారు?


పెన్నాగట్టు, సిడ్నీ:

కరివేపాకు గారూ, పట్టేశారు.

ఆవిడది కూడా నేనే పెట్టాను. రెండు ఫారాలూ ఒకే మాగ్నెట్ కింద ఉండేవి. అడిగితే "నాకేం తెలుసు, నువ్వే చూడు" అంది. కరెంటు బిల్లు, పన్ను కాగితాలు అన్నీ నేనే చూస్తాను కదా, అలాగే ఇదీ. ఇలా చేయకూడదని అప్పుడు తోచలేదు.


పెన్నాగట్టు, సిడ్నీ (పది రోజుల తర్వాత):

ఏమైందని కొందరు మెసేజ్ పెట్టారు కాబట్టి రాస్తున్నాను.

ఆదివారం వాడు వచ్చాడు. వాళ్లమ్మ దోసెలు పోస్తోంది. ప్లేటు అందించి చెప్పేశాను. "కాదు అని పెట్టాను రా. గుర్తులేదన్నది అబద్ధం." ఫార్వర్డుల సంగతి నోటిదాకా వచ్చింది, మింగేశాను. గోదారోడు గారి మాట గుర్తొచ్చింది.

వాడు దోసె తుంచుతూ ఉన్నాడు. "అమ్మది?" అన్నాడు.

"అదీ నేనే."

"అంటే రెండు" అన్నాడు.

పొయ్యి దగ్గర అట్లకాడ ఆగిపోయింది. ఎనిమిదేళ్లలో మా ఆవిడ తన ఫారం మీద ఏం పెట్టానని నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ దోసె మాడిపోయింది. ఆవిడ స్టవ్ ఆపి, నావైపు తిరిగి, "నన్నడిగితే 'అవును' అనేదాన్నని కాదు. కానీ అడగాలి కదా" అంది. వాడు నవ్వాడు. నవ్వొచ్చి నవ్వాడో ఇంకెందుకో తెలీదు, కళ్లు మాత్రం ఎర్రగానే ఉన్నాయి.

ఆ రోజు ఇంక ఆ మాట ఎత్తలేదు. వెళ్లేటప్పుడు నాతో ఏమీ అనలేదు. ఆవిడ నాతో ఇప్పటికీ పొడి పొడిగానే మాట్లాడుతోంది. వాడు మాత్రం పండుమిరప పచ్చడి సీసా తీసుకెళ్లాడు, వచ్చే ఆదివారం ఖాళీ సీసా తెస్తానని వాళ్లమ్మతో చెప్పాడు.