గాలివానకు దెబ్బతిన్న కాక్టస్‌ను బ్రతికించుకోవడం ఎలా?

తార్నాక మిద్దెతోట:
మా మిద్దె మీద స్తంభంలా పెరిగే సెరియస్ కాక్టస్ ఉంది. మొన్నటి ఈదురుగాలికి కుండీ ఒరిగిపోయి, పిట్టగోడ రాసుకొని కాండం ఒకవైపు చీరుకుపోయింది. వెంటనే ముసురు పట్టింది. చీరిన చోట గోధుమరంగు పెచ్చు కట్టింది గానీ, మట్టికి ఆనుకొని ఉన్న భాగం వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోతోంది. పై భాగం పచ్చగా, గట్టిగానే ఉంది. దీనిని కాపాడే మార్గం అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

సైనిక్‌పురి వాసి:
ఆ రెండు లక్షణాలనూ వేరువేరుగా చూడాలండీ. గట్టిగా, పొడిగా ఉన్న పెచ్చు మొక్క తన గాయానికి తానే వేసుకున్న కట్టు. ఆ మచ్చ ఎప్పటికీ పోదు, దానివల్ల హానీ లేదు. మెత్తబడిన మొదలు మాత్రం కుళ్లు, అది ఆలస్యాన్ని సహించదు. చాకును సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి, మెత్తదనం ఆగిన చోటికి బాగా పైన కోయండి. కోసిన ముఖం మధ్యలో ఒక వలయం కనిపిస్తుంది. నీరు, ఆహారం ప్రయాణించే నాళాలు అక్కడే ఉంటాయి కనుక కుళ్లు కూడా ఆ దారినే పైకి పాకుతుంది. వలయంలో నారింజ లేదా గోధుమరంగు చుక్క ఒక్కటి కనబడినా, ప్రతి కోతకూ చాకును తుడుస్తూ, ముఖమంతా తేటగా వచ్చేవరకు పలుచటి బిళ్లలుగా కోస్తూ పైకి వెళ్లాలి.

మౌలాలి నుంచి:
కోసిన ముఖానికి గంధకం పొడి గానీ దాల్చినచెక్క పొడి గానీ అద్దుతారు. అద్దండి, తప్పులేదు. అయితే లోపల కుళ్లు మిగిలి ఉంటే పైన చల్లిన ఏ పొడీ దానిని చేరలేదని నా గట్టి నమ్మకం. మొక్కను బ్రతికించేది చాకూ, ఆరుదలా మాత్రమే. అంచులను పెన్సిల్ చెక్కినట్లు కొంచెం ఏటవాలుగా చెక్కండి. ఆరేటప్పుడు మధ్యభాగం లోపలికి ముడుచుకుంటుంది, తోలు అంతగా ముడుచుకోదు, వేర్లేమో ఆ మధ్య వలయం నుంచే వస్తాయి. గాలి ఆడే నీడలో ముక్కను నిలువుగా ఉంచాలి, పడుకోబెడితే వెలుతురు వైపు వంగిపోతుంది. ఎండాకాలంలో వారం పది రోజుల్లో ఆరే ముక్కకు మన హైదరాబాదు వానాకాలపు తేమలో మూడు వారాలు కూడా పట్టవచ్చు.

తార్నాక మిద్దెతోట:
కోశానండీ. మొదటి కోతలో వలయంలో నారింజరంగు కనబడింది, ఇంకా పైకి వెళ్లాక తేటపడింది. ముక్క సగానికి తగ్గింది. పాత మట్టిలోనే నాటవచ్చా?

సైనిక్‌పురి వాసి:
వద్దు. కుళ్లు కలిగించే శిలీంధ్రాలు ఆ మట్టిలో ఉండిపోతాయి. పొట్టి ముక్క అయినందుకు దిగులు పడకండి, ఆరోగ్యంగా ఉన్న జానెడు ముక్క కూడా చక్కగా వేళ్లూనుతుంది. రోబో శాండ్‌ను జల్లెడ పట్టి, మెత్తటి రజనును పారబోసి, మిగిలిన గరుకు భాగాన్ని కడిగి, అందులో ఇటుక ముక్కలు, కొద్దిగా ఎర్రమట్టి కలపండి. నర్సరీ మొక్కలతో వచ్చే కొబ్బరిపొట్టు ఇక్కడి ముసురులో రోజుల తరబడి తడి వదలదు. పొడి మిశ్రమంలోనే నాటి, కర్ర ఊతం కట్టి, మెల్లగా కదిపినప్పుడు ముక్క పట్టు నిలిపేంతవరకు తడపకండి. కాండంలోని నీటితోనే అది వేర్లు వేస్తుంది.

కూకట్‌పల్లి నుంచి:
ఇదే పద్ధతి ఎర్రటి తల ఉన్న అంటు కాక్టస్‌కు పనికిరాదు. ఆ ఎర్ర భాగంలో పత్రహరితం ఉండదు కాబట్టి సొంత వేర్ల మీద బ్రతకలేదు. కింది పచ్చ కాండం కుళ్లితే, తల ఇంకా గట్టిగా ఉన్నప్పుడే డ్రాగన్ ఫ్రూట్ కొమ్మను అడ్డంగా కోసి, రెండింటి వలయాలు కొంతైనా ఒకదానిపై ఒకటి పడేలా అమర్చి, రబ్బరు బ్యాండుతో బిగించాలి.

మౌలాలి నుంచి:
తార్నాక గారూ, వేళ్లూనిన తర్వాత కూడా మొక్కను నేరుగా మిట్టమధ్యాహ్నపు ఎండలోకి తీసుకురాకండి. నీడకు అలవాటుపడిన తోలు ఎండకు తెల్లగా మాడిపోతుంది. కొన్ని వారాలు ఉదయపు ఎండ చాలు, ఆపైన షేడ్ నెట్ కింద. పక్క కుండీల్లోని కాక్టస్‌ల ముళ్ల మొదళ్లలో తెల్లటి దూదిలాంటి పిండినల్లి ఉందేమో కూడా చూడండి. ఉంటే స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచిన తర్వాతే కొత్త మొక్కను వాటి సరసన పెట్టండి.