బ్లోయర్ నాలుగో నంబరులో మాత్రమే తిరుగుతోంది

ప్రశ్న (విశాఖ ఎం.వి.పి. కాలనీ నుంచి):
అందరికీ నమస్కారం. మాది పదకొండేళ్ల నాటి పెట్రోలు కారు, ఏసీ నాబు చేత్తో తిప్పుకునే రకం. గత ఆదివారం తెల్లవారుజామున పిల్లలతో లంబసింగి వెళ్తుండగా ఘాట్ రోడ్డులో ముందు అద్దానికి లోపలివైపు ఆవిరి పట్టి దారి కనిపించలేదు. హీటరు వేయబోతే గాలి విసిరే ఫ్యాను (బ్లోయర్) ఒకటి, రెండు, మూడు నంబర్లలో కదలనే లేదు, నాలుగులో మాత్రం పూర్తి వేగంతో తిరిగింది. ఇంటికొచ్చి ఏసీ వేసి చూసినా అదే తీరు. ఒక వర్క్‌షాపులో మోటారు మొత్తం మార్చాలన్నారు. నిజంగా మోటారే పోయిందంటారా?

సమాధానం (గాజువాక నుంచి):
మోటారు పోలేదండీ. పోయి ఉంటే నాలుగులో కూడా తిరిగేది కాదు. హీటరుకూ ఏసీకీ ఫ్యాను ఒక్కటే కనుక రెండింటిలోనూ ఒకే లక్షణం కనిపించడం సహజం. తక్కువ వేగాల్లో కరెంటు బ్లోయర్ రెసిస్టర్ (కరెంటును తగ్గించి ఫ్యాను వేగాన్ని తగ్గించే భాగం) గుండా వెళ్తుంది, నాలుగులో దాన్ని తప్పించుకుని నేరుగా మోటారుకు చేరుతుంది. మూడు వేగాలూ ఒకేసారి పోయాయంటే రెసిస్టర్‌లోని థర్మల్ ఫ్యూజు (అతిగా వేడెక్కితే తెగిపోయే రక్షణ ఫ్యూజు) తెగి ఉండే అవకాశమే ఎక్కువ. ఒక్క వేగమే పోయి ఉంటే రెసిస్టర్‌లో ఆ వేగానికి సంబంధించిన తీగచుట్టనో, నాబు వెనుక ఉన్న స్విచ్చినో అనుమానించేవాణ్ణి.

బ్యాటరీ నెగెటివ్ తీగ తీసేసి, గ్లవ్ బాక్స్ దించి చూడండి. చాలా కార్లలో రెసిస్టర్ బ్లోయర్ పక్కనే, గాలి తగిలి చల్లబడేలా బిగించి ఉంటుంది. కనెక్టర్ ఊడదీసి మల్టీమీటరును ఓమ్స్‌లో (నిరోధం కొలిచే అమరికలో) పెట్టి పిన్నుల మధ్య కొలవండి. బాగుంటే కొద్ది ఓమ్‌లు చూపుతుంది, తెగితే ఏమీ చూపదు. ఆటోమేటిక్ ఏసీ ఉన్న కార్లలో అక్కడ ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది కాబట్టి వాటికి ఈ పరీక్ష వర్తించదు.

సమాధానం (మధురవాడ నుంచి):
పై మాటతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేయదలిచాను. తెగిన థర్మల్ ఫ్యూజుకు బదులు తీగ ముక్క అతికించమని ఎవరు చెప్పినా దయచేసి వినకండి, డాష్‌బోర్డు లోపల మంటలు రేగే ప్రమాదం ఉంది. అలాగే కొత్త రెసిస్టర్ బిగించే ముందు పాతది ఎందుకు కాలిందో తెలుసుకోవాలి. క్యాబిన్ ఫిల్టరు (కారు లోపలికి వచ్చే గాలిని వడకట్టేది) దుమ్ముతో మూసుకుపోతే రెసిస్టర్‌కు గాలి అందదు, మోటారు బిగుసుకుని తిరిగితే కరెంటు ఎక్కువ లాగుతుంది. ఫ్యానును వేలితో తిప్పి చూడండి, శబ్దం లేకుండా తేలిగ్గా తిరగాలి. మన సముద్రపు ఉప్పు గాలికి కనెక్టర్ పిన్నులు చిలుము పట్టి వేడెక్కడం కూడా నేను చూశాను.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మీటరు ఏ పిన్ను దగ్గరా కదలలేదు. కనెక్టర్‌లో ఒక మూల ప్లాస్టిక్ కరిగి గోధుమరంగుకు తిరిగి ఉంది, ఫిల్టరు నిండా వేపాకులూ దుమ్మూ. ఫ్యాను మాత్రం తేలిగ్గానే తిరుగుతోంది. రెసిస్టర్, కనెక్టర్, ఫిల్టరు మూడూ మార్చాను. ఇప్పుడు నాలుగు వేగాలూ పనిచేస్తున్నాయి. అరగంట నడిపాక కనెక్టర్‌ను తాకి చూస్తే గోరువెచ్చగా మాత్రమే ఉంది.