ఒకే ఉద్యోగానికి ఇద్దరు రిక్రూటర్లు నా రెజ్యూమే పంపారు, ఇప్పుడేం చేయాలి?

అందరికీ నమస్కారం. నేను బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ, బెళ్లందూరు దగ్గర ఒక సంస్థలో జావా ప్రోగ్రామర్‌గా పనిచేస్తున్నాను. ఉద్యోగం మారే ఉద్దేశంతో నౌక్రీ అనే ఉద్యోగాల వెబ్‌సైటులో ప్రొఫైల్ సవరించినప్పటి నుంచి, సంస్థలకు అభ్యర్థులను వెతికిపెట్టే కన్సల్టెన్సీల ఫోన్లు ఆగడం లేదు.

ఒక రిక్రూటర్ క్లయింటు (ఉద్యోగం ఇచ్చే సంస్థ) పేరు చెప్పకుండానే, ప్రస్తుత జీతం, 90 రోజుల నోటీసు పీరియడ్ వంటి వివరాలు తీసుకుని నా రెజ్యూమే ఎవరికో పంపారు. తరువాత మరొక కన్సల్టెన్సీ వారు క్లయింటు పేరు ముందే చెప్పి, ఈమెయిల్‌లో నా అంగీకారం తీసుకుని పంపగా, ఈ అభ్యర్థి వివరాలు ఇదివరకే వేరొకరి ద్వారా అందాయని అక్కడి నుంచి జవాబు వచ్చిందట. నేను ఎంపికైతే కమీషన్ ఎవరికి దక్కాలన్నది వారి తగవు, కానీ ఆగిపోయింది మాత్రం నా ఇంటర్వ్యూ. మొదటివారు ఫోన్ ఎత్తడం లేదు.

నేను అంగీకారం ఇచ్చింది రెండవవారికే అని ఆ సంస్థ హెచ్‌ఆర్ విభాగానికి నేరుగా రాయడం సబబేనా, లేక ఆ మాట రెండవ రిక్రూటర్ చేతనే చెప్పించాలా?

మరొక సందేహం. ఇంటర్వ్యూ మొదటి రౌండు కూడా కాకముందే రిక్రూటర్లు పే స్లిప్పులు, ఫారం 16 (జీతం, కోసిన పన్ను వివరాలతో యజమాని ఇచ్చే పత్రం), పీఎఫ్ సర్వీసు వివరాలు అడుగుతున్నారు. ఆఫర్ వచ్చాక పరిశీలన కోసం ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు గాని, పాన్ నంబరుతో సహా ఆదాయమంతా ఉండే ఫారం 16ను ముక్కూ మొహం తెలియని వారికి ఎలా పంపడం? అవకాశం చెడకుండా దీన్ని వాయిదా వేసినవారు ఉంటే, ఏమని రాశారో దయచేసి తెలుపగలరు.