పోకర్‌లో నెగ్గించేది ప్రతిభా, నిగ్రహమా?

ఎడిసన్ వాసి
ఇక్కడ న్యూజెర్సీలో మేం ఆరేడుగురం నెలకు రెండు శుక్రవారాలు ఎవరో ఒకరింట్లో టెక్సాస్ హోల్డెమ్ (చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడి ముక్కలతో ఆడే పోకర్) ఆడతాం. మనిషికి 20 డాలర్లు, అంతే. మొన్న నా చేతికి రెండు రాజులొచ్చాయి. పందెం పెంచితే ఒక్కడే నిలబడ్డాడు. బల్ల మీద మొదటి మూడు ముక్కలు తెరిస్తే అందులో ఆసు ఉంది. అప్పటిదాకా కుర్చీలో వెనక్కి వాలి ఉన్నవాడు కాస్త ముందుకు జరిగి, చిప్స్ (పందెం బిళ్లలు) మీద చెయ్యేశాడు. వాడి దగ్గర ఆసుందని నాకు తెలిసిపోయింది. తెలిసి కూడా చివరిదాకా కాల్ చేస్తూనే, అంటే వాడు కట్టినంతా కడుతూనే పోయాను. రాజుల్ని వదలబుద్ధి కాలేదు. షో చేస్తే ఆసే.

ఎదుటివాడి ముక్క పసిగట్టడం ప్రతిభ అయితే, అది ఆ క్షణంలో నాకుంది. లేనిది నిగ్రహం. నా ఫ్రెండ్ మాత్రం ఒప్పుకోడు, పోకర్ పుట్టుకతో రావాల్సిందే అంటాడు. మీరేమంటారు?

కళావరు రాణి
మీ ఫ్రెండ్ మాటే నిజం. అమెరికా ఆటగాడు స్టూ ఉంగర్‌ని చూడండి. జిన్ రమ్మీలో అతనితో కూర్చోవడానికే జనం భయపడితే పోకర్‌కి వచ్చాడు. వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్ 1980లో గెలిచాడు, 1981లో మళ్లీ గెలిచాడు. డ్రగ్స్‌తో ఒళ్లు గుల్లయ్యాక కూడా వచ్చి 1997లో మూడోసారి గెలిచాడు. నిగ్రహం అన్నది ఆ మనిషి దరిదాపుల్లో లేదు. ఓపిగ్గా కూర్చునేవాళ్లు వేలమంది దొరుకుతారు. ఉంగర్ లాంటివాడు ఇంకొకడు దొరకడు.

పదమూడు ముక్కలు
రాణి గారూ, గెలిచిన మూడేళ్లూ చెప్పి 1990 వదిలేశారు. ఆ ఏడాది మెయిన్ ఈవెంట్ మూడో రోజు ఉంగర్ టేబుల్ దగ్గరికి రాలేదు. వెళ్లి చూస్తే హోటల్ గదిలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. అప్పటికే పోగేసిన చిప్స్ ఎన్నంటే, ఖాళీ కుర్చీ ముందు బ్లైండ్స్ కింద (వంతులవారీగా తప్పనిసరిగా కట్టే పందేలు) చిప్స్ కరిగిపోతూ ఉన్నా తొమ్మిదో స్థానం వచ్చింది! చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది. మనిషి కూర్చుని ఆడి ఉంటే ఏమయ్యేదో. 1998 నవంబరులో లాస్ వేగాస్‌లో ఒక మోటెల్ గదిలో చనిపోయాడు. 45 ఏళ్లు.

అదే ఊళ్లో చిప్ రీస్ అనే పోకర్ ఆటగాడు ఉండేవాడు. లా చదవడానికి స్టాన్‌ఫర్డ్ వెళ్తూ దారిలో వేగాస్‌లో ఆగి, అక్కడే ఉండిపోయాడు. మూడు దశాబ్దాలు పెద్ద పెద్ద క్యాష్ గేముల్లో (టోర్నమెంట్ కాకుండా నేరుగా డబ్బుతో ఆడేవి) నిలబడ్డాడు. ఓడుతున్నప్పుడు కూడా తొణకడని తోటి ఆటగాళ్లే చెప్పుకునేవారు.

మా నాన్నగారు పోకర్ పేరు కూడా వినలేదు. 101 పూల్ రమ్మీ (101 పాయింట్లు చేరినవాడు అవుట్) ఆడేవారు. ముక్కలు బాగాలేకపోతే ఒక్కసారి చూసి, మూసి, డ్రాప్ అని 20 పాయింట్లు రాయించుకునేవారు. ఒక్క జోకర్ వస్తే చాలని కూర్చున్నవాళ్లు 80 రాయించుకుని లేచేవారు. ఆయనకి గొప్ప తెలివితేటలున్నాయని ఎవరూ అనలేదు, కానీ ఇంటికి ఖాళీ జేబుతో వచ్చిన రోజులు చాలా తక్కువ.

లెక్కల మాస్టారు
డ్రాప్ చేయడమే నిగ్రహమనుకుంటే పొరపాటు. పోకర్‌లో ఊరికే వదిలేస్తూ కూర్చుంటే బ్లైండ్సే తినేస్తాయి. చేతిలోవీ బల్ల మీదవీ కలిపి మీకు నాలుగు ఇస్పేట్లు ఉన్నాయి, ఒకే గుర్తు ఐదు ముక్కలు పూర్తవ్వాలంటే ఐదోది కావాలి. కనబడని 47 ముక్కల్లో 9 ఇస్పేట్లు. తర్వాతి ముక్కకే పడే అవకాశం 19 శాతం, అంటే దాదాపు ఐదింట ఒకటి. పాట్‌లో (మధ్యలో పోగైన పందెం) 100 ఉండగా అవతలివాడు 100 కట్టాడు, 200 కోసం మీరు 100 పెట్టాలి; ఆ తర్వాత అతని నుంచి ఇంకేమీ రాదనుకుంటే వదిలేయాలి. పాట్‌లో 500 ఉండగా అదే 100 కడితే, 600 కోసం 100 కాబట్టి కాల్ చేయాలి. చేతిలో ముక్కలు అవే, నిర్ణయం మాత్రం వేరు. ఎంత విసుగ్గా ఉన్నా ప్రతిసారీ ఈ లెక్క వేయడాన్నే నేను నిగ్రహం అంటాను. ఇది నేర్చుకుంటే వచ్చేదే. మరియా కొన్నికోవా అనే సైకాలజిస్టు పోకర్ ఏమీ తెలియకుండా మొదలుపెట్టి, పేరున్న ఆటగాడు ఎరిక్ సైడెల్ దగ్గర నేర్చుకుని, 2018లో బహమాస్‌లో ఒక టోర్నమెంట్ గెలిచింది.

ఎడిసన్ గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. ఆసుందని మీకు నిజంగా తెలుసా, షో అయ్యాక తెలిసినట్టు అనిపించిందా? మన ఊహ తప్పిన చేతులు మనకు గుర్తుండవు.

రాత్రి రెండు గంటలు
నేను ఫోన్‌లో రమ్మీ ఆడి పోగొట్టుకున్నవాణ్ణి. 1967లో సుప్రీంకోర్టు సికింద్రాబాద్ క్లబ్బు కేసులో రమ్మీని ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అంది. మూడు ముక్కలాటలా కేవలం అదృష్టం కాదంది. ఆ తీర్పే నాకు నేను చెప్పుకునేవాణ్ణి. రోజుకు 500 దాటకూడదని నియమం పెట్టుకున్నాను, నెల రోజులు పాటించాను కూడా. ఆ నెలే నన్ను ముంచింది. నాకు కంట్రోల్ ఉందని నమ్మేశాను. ఒక రాత్రి 4,000 పోయాక, రాబట్టుకుందామని తెల్లారేదాకా కూర్చున్నాను. పక్కగదిలో మా ఆవిడ, పాప నిద్రపోతున్నారు. 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేశాక యాప్‌లో డబ్బు ఆటలు ఆగిపోయాయి. నేను ఆపలేదు, అవే ఆగాయి. నిగ్రహం గురించి మాట్లాడేవాళ్లు నాలాంటి వాళ్లనీ లెక్కలోకి తీసుకోవాలి.

ఎడిసన్ వాసి
అన్నా, రాసినందుకు థాంక్స్. మా 20 డాలర్ల ఆటకీ మీరు పడినదానికీ పోలిక లేదని నాకు తెలుసు.

మాస్టారూ, మీ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఒకటి మాత్రం గుర్తొచ్చింది. ఆ రాజుల చెయ్యి వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. అంతకుముందే వరసగా రెండు పాట్‌లు పోయి లోపల రగిలిపోతున్నాను. ఈసారి చిన్న నోట్‌బుక్ తీసుకెళ్తాను. పందేలు అయిపోగానే, షోకి ముందే, ఎదుటివాడి దగ్గర ఏముందనుకున్నానో, టైమెంతో రాస్తాను.

కళావరు రాణి
రాసినవన్నీ ఇక్కడ పెట్టండి, తప్పినవి కూడా. 40 చేతుల్లో 30 సరిగ్గా చెప్పారంటే అది ప్రతిభేనని మాస్టారి చేత ఒప్పిస్తాను.