ఆడపిల్లల సంతకాలు లేకుండా ఇల్లు కొనొచ్చా?

ఇంటివేట

అందరికీ నమస్కారం. తెనాలిలో 180 గజాల్లో పాత డాబా ఇల్లు చూశాం. మా ఆవిడకు బాగా నచ్చింది. అమ్మేది ఇద్దరు అన్నదమ్ములు. వాళ్ల నాన్నగారు 1978లో తన జీతం డబ్బుతో కొన్న ఇల్లు, దస్తావేజు ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది. ఆయన 2011లో పోయారు. అమ్మగారు అంతకుముందే పోయారు. వీలునామా లేదు.

ఇద్దరు అక్కాచెల్లెళ్లు కూడా ఉన్నారు. పెద్దావిడ పెళ్లి 1982లో, చిన్నావిడ పెళ్లి 1991లో అయ్యాయి. చిన్నావిడ ఇప్పుడు అమెరికాలో ఉన్నారు. "కట్నాలిచ్చాం, పసుపు కుంకుమ కింద బంగారం పెట్టాం, వాళ్ల సంతకాలతో పనిలేదు" అంటున్నారు అన్నదమ్ములు. ఇంటి పన్ను ఇద్దరి పేర్ల మీదికి మారింది. ముప్పై ఏళ్లకు ఈసీ (ఆ ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) తీయించాను, శుభ్రంగా ఉంది. లక్ష రూపాయలు బయానా ఇచ్చేశాను. ఇప్పుడు బ్యాంకు లాయరు గారు ఆడపిల్లల సంతకాలు లేనిదే లోన్ కుదరదన్నారు. మధ్యవర్తి ఏమో వేరే ఫైనాన్స్ చూపిస్తాను, ముందు రిజిస్ట్రేషన్ కానివ్వండి అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది. కొనొచ్చా?

బందరుకాలువ

కొనండి. నేను 2009లో ముగ్గురు అన్నదమ్ముల దగ్గర ఇల్లు కొన్నాను, వాళ్ల అక్కల సంతకాలు లేవు. ఇన్నేళ్లలో ఒక్కరూ వచ్చి అడగలేదు. పుట్టింటి మీద కోర్టుకెక్కే ఆడపిల్లలు మన ఊళ్లలో ఎంతమంది ఉంటారు? రేపు ఎవరైనా హక్కు అడిగితే నష్టం మేమే భరిస్తామని సేల్ డీడ్‌లో రాయించుకోండి. పేపర్లో ఒక ప్రకటన ఇవ్వండి. పైగా పెద్దావిడ పెళ్లి 1982లోనే అయిందంటున్నారు కదా, ఎన్టీఆర్ గారి ప్రభుత్వం తెచ్చిన ఆడపిల్లల ఆస్తిహక్కు చట్టం 1985 తర్వాత పెళ్లయిన వాళ్లకే.

నల్లకోటు_విజయవాడ

ఈ పొరపాటు రోజూ వింటున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

1985 సెప్టెంబరు 5 నుంచి మన రాష్ట్రంలో అమలైన సవరణ గానీ, 2005 సెప్టెంబరు 9న వచ్చిన కేంద్ర సవరణ గానీ పిత్రార్జితం గురించి, అంటే ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు గురించి. 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తేల్చింది కూడా దాని గురించే. ఈ ఇల్లు తండ్రి స్వార్జితం. ఆయన వీలునామా రాయకుండా పోయారు. అలాంటప్పుడు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం కొడుకులకూ కూతుళ్లకూ సమాన వాటా. పెళ్లి ఎప్పుడయిందన్న ప్రశ్నే రాదు. తల్లి ముందే పోయారు, నాన్నమ్మ కూడా అప్పటికి లేరనుకుంటే నలుగురికీ తలా పావు వంతు.

అంటే ఈ అన్నదమ్ములు మీకు అమ్మగలిగింది సగం ఇల్లే, డబ్బు మాత్రం మొత్తం ఇంటికి తీసుకుంటున్నారు. పోనీ ఆ సగంతో సర్దుకుందామన్నా, విభజన కాని కుటుంబ ఇంట్లో వాటా కొన్న బయటివాడికి వాళ్లతో కలిసి ఉండే హక్కు లేదు, ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ అదే చెబుతుంది. పంపకానికి దావా వేయాలి. వేస్తే, కోర్టు కట్టిన విలువకు మీ వాటాను మేమే కొనుక్కుంటామని అక్కాచెల్లెళ్లు అడగొచ్చు. దానికి 1893 నాటి పార్టిషన్ చట్టంలో దారి ఉంది.

ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనబడతాయి. తండ్రి పోగానే వచ్చే వారసత్వం రిజిస్టరు కాదు, అందుకే అది మీ ఈసీలో లేదు. పన్ను పేరు మార్పు పన్ను వసూలు కోసం, దానివల్ల యాజమాన్యం రాదు.

పెద్దకొడుకు

వకీలు గారూ, చట్టం సరే, న్యాయం కూడా చూడండి. మా ఇంట్లో ఇదే జరిగింది. అమ్మానాన్నలను పద్దెనిమిదేళ్లు నేనూ నా భార్యా చూసుకున్నాం. నాన్నకు పక్షవాతం వస్తే మూడేళ్లు మంచం మీద అన్నీ మేమే చేశాం. చెల్లెలి పెళ్లికి పొలం అమ్మి కట్నం ఇచ్చాం. ఇప్పుడు ఇల్లు అమ్ముతుంటే సమాన వాటా అంటోంది. కట్నం తీసుకున్నాక మళ్లీ వాటా ఏమిటండీ?

ఇంకో మాట. కుటుంబంలో నోటిమాటగా చేసుకున్న పంపకం చెల్లుతుందని 1976లో సుప్రీంకోర్టే చెప్పింది. తండ్రి పోయి పన్నెండేళ్లు దాటింది, ఇక అడిగే గడువు కూడా లేదు కదా.

నల్లకోటు_విజయవాడ

మీ బాధ నాకు అర్థమవుతుంది. మీ నాన్నగారు ఓపికగా ఉన్న రోజుల్లో వీలునామా రాసి ఉంటే ఈ సమస్యే వచ్చేది కాదు. స్వార్జితం ఎవరికైనా రాసే స్వేచ్ఛ ఆయనకు ఉంది. రాయలేదు కాబట్టి చట్టం పంచిపెట్టింది. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం 1961 నుంచి నేరం. దాన్ని చూపించి ఇది వాటా కింద ఇచ్చాం అని నిలబడలేం.

1976 తీర్పు నిజమే. కానీ అది అందరూ ఒప్పుకున్న కుటుంబ ఏర్పాటు గురించి. జరిగిపోయిన ఏర్పాటును గుర్తు కోసం రాసుకున్న కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. హక్కు వదులుకుంటున్నాను అని ఆ కాగితంలోనే రాసుకుంటే మాత్రం రిజిస్ట్రేషన్ తప్పదు. ఇంటివేట గారి కేసులో అలాంటి కాగితం ఏదైనా ఉందా, దాని మీద అక్కాచెల్లెళ్లు సంతకం చేశారా?

పన్నెండేళ్ల సంగతి. వాటాదారుల్లో ఒకరు ఇంట్లో ఉంటే అందరి తరఫునా ఉన్నట్టే లెక్క. నీకు ఇందులో హక్కు లేదు పొమ్మని బాహాటంగా చెప్పి, అది ఆమెకు తెలిసిన రోజు నుంచే గడువు లెక్కపెడతారు.

ఇంటివేట

అడిగాను సార్. 2012లో పెద్దమనుషుల ముందు రాసుకున్న కాగితం ఒకటి చూపించారు, స్టాంపు పేపరు మీద. పెద్దావిడ సంతకం ఉంది. చిన్నావిడది లేదు. రిజిస్ట్రేషన్ లేదు.

పాత_దస్తావేజు_లేఖరి

ముప్పై ఏళ్లు రిజిస్ట్రారు ఆఫీసు ముందు దస్తావేజులు రాశాను బాబూ. సబ్ రిజిస్ట్రారు హక్కు ఎవరిదో తేల్చరు. రాసి తెచ్చింది, డ్యూటీ కట్టింది, మనిషి ఎదురుగా ఉన్నది చూసి ముద్ర వేస్తారు. ముద్ర పడింది కదా అని గుండెల మీద చేయి వేసుకుని నిద్రపోయి, తర్వాత ఏడ్చిన వాళ్లను చూశాను. నష్టం భరిస్తామని రాయించుకున్న హామీ కూడా అంతే. ఆ రోజుకు అమ్మినవాళ్ల చేతిలో డబ్బుండాలి, మీరు మళ్లీ వాళ్ల మీద దావా వేయాలి.

విడిగా రిలీజ్ డీడ్ (హక్కు వదులుకునే పత్రం) కూడా అక్కర్లేదు. సేల్ డీడ్‌లో నలుగురినీ అమ్మకందారులుగా చూపించండి. ఎవరి వాటా సొమ్ము వాళ్ల ఖాతాలో వేయండి. అక్కాచెల్లెళ్లు డబ్బు తీసుకోకుండా అన్నదమ్ములకే వదిలేస్తామంటే అదీ దస్తావేజులోనే రాయించండి. అమెరికా ఆవిడ రానక్కర్లేదు, అక్కడి భారత కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ అటెస్ట్ చేయించి పంపితే చాలు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు డ్యూటీ కట్టాలి. పవర్ ఎవరి పేర రాశారో చూడండి, అమ్మే అధికారం స్పష్టంగా రాశారో లేదో చూడండి. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కూడా తెప్పించుకోండి, మనకు చెప్పని ఐదో సంతానం అందులో బయటపడిన సందర్భాలున్నాయి.

ఆడపడుచు

నేనూ ఒక ఇంటి ఆడపిల్లనే. నా పెళ్లి 1989లో అయింది. మా అన్నలు ఇల్లు అమ్మిన సంగతి నాకు పక్కింటి వాళ్లు ఫోన్ చేస్తే తెలిసింది. నేను కోర్టుకు వెళ్లలేదు. సంక్రాంతికి వెళ్లడానికి ఒక గుమ్మం ఉండాలని ఊరుకున్నాను. ఆ గుమ్మం కూడా తర్వాత లేకుండా పోయింది, అది వేరే కథ.

బందరుకాలువ గారు ఎవరూ అడగలేదన్నారు. మేం అడగకపోతే మాకు హక్కు లేదని కాదు. అన్నయ్య ఒక్క మాట అడిగి ఉంటే నేను పైసా తీసుకోకుండా సంతకం పెట్టేదాన్ని. పెద్దకొడుకు గారూ, మీ చెల్లెలితో ఇల్లు అమ్మకానికి పెట్టకముందు మాట్లాడారా, పెట్టాక మాట్లాడారా?

పెద్దకొడుకు

పెట్టాకే అమ్మా. ఆ మాట నిజమే.

బందరుకాలువ

అక్కా, నేను తేలిగ్గా అన్నానేమో, క్షమించండి. కానీ అందరి సంతకాలూ కావాలంటే మధ్యతరగతివాడు ఇల్లు కొనలేడనే ఇప్పటికీ అంటాను. ఒక్కరు మొండికేస్తే బేరం ఆగిపోతుంది, ధర పెంచుతారు. కొనేవాడు ఎందుకు నలగాలి?

పాత_దస్తావేజు_లేఖరి

ఆగిపోతే ఆగిపోనీ బాబూ. బయానా లక్ష ఎక్కడ, ఇంటి సొమ్మంతా ఎక్కడ? బ్యాంకు వద్దన్న ఆస్తికి వేరే ఫైనాన్స్ తెస్తానన్న మధ్యవర్తి మాట మాత్రం వినొద్దు.

ఇంటివేట

అందరికీ కృతజ్ఞతలు. అన్నదమ్ములతో నిన్న సాయంత్రం కూర్చున్నాను. నలుగురూ సంతకం చేస్తేనే రిజిస్ట్రేషన్, లేదంటే బయానా వెనక్కివ్వండి అని చెప్పాను. పెద్దాయనకు కోపం వచ్చింది. చిన్నాయన మాత్రం అక్కడే పెద్దక్కగారికి ఫోన్ కలిపారు. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అమ్మ తులసికోట తీసేయకుండా నాకివ్వండి, సంతకానికి వస్తాను" అన్నారు. అమెరికా ఆవిడకు ఈ ఆదివారం ఫోన్ చేస్తామన్నారు. నెలాఖరు దాకా చూస్తాను. ఏ సంగతైనా ఇక్కడే రాస్తాను.