చుట్టాలొస్తే వైజాగ్ తీసుకెళ్ళాలా, మన విజయనగరమే చూపించాలా?

పెద్దచెరువు_గట్టు
అందరికీ నమస్కారం. అమ్మాయి పెళ్ళయ్యాక మా వియ్యాలవారు మొదటిసారి హైదరాబాద్ నుంచి వస్తున్నారు. మార్చి రెండో వారం. శనివారం పొద్దున్న దిగి మంగళవారం రాత్రి రైలెక్కుతారు. మొత్తం ఆరుగురు. అందులో వియ్యంకుడి గారి తల్లికి డెబ్బై దాటింది, మోకాళ్ళ నొప్పులు. పిల్లలు ఇద్దరు, చిన్నవాడికి తొమ్మిదేళ్ళు. మా అబ్బాయి "వైజాగ్‌లో రూములు తీసేసి అక్కడే తిప్పుదాం, మన ఊళ్ళో ఏముంది చూపించడానికి" అంటున్నాడు. ఇంటికొచ్చిన వాళ్ళని హోటల్లో పెట్టడానికి నాకు మనసొప్పడం లేదు. అరవై కిలోమీటర్లే కాబట్టి ఇక్కడే ఉంచుకుని ఒక్క రోజు అక్కడికి తీసుకెళ్ళి వద్దామని నా ఆలోచన. ఏం చూపించాలి, ఎక్కడ తినిపించాలి, తెలిసినవాళ్ళు చెప్పండి.

బీచ్‌రోడ్_సాయంత్రం
మీ అబ్బాయి చెప్పిందే కరెక్టండి. నేను పుట్టి పెరిగింది విజయనగరంలో, పద్నాలుగేళ్ళుగా ఉద్యోగం వైజాగ్‌లో, రెండూ తెలిసే చెప్తున్నాను. హైదరాబాద్ వాళ్ళకి కోట కావాలంటే గోల్కొండ ఉంది, మ్యూజియం కావాలంటే సాలార్‌జంగ్ ఉంది. లేనిదల్లా సముద్రం. శనివారం సాయంత్రం ఆర్కే బీచ్‌కి తీసుకెళ్ళండి. అక్కడే కుర్సురా సబ్‌మెరైన్, 1969లో నేవీలో చేరి 31 ఏళ్ళు పనిచేసింది, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. ఈ చివర ఎక్కి ఆ చివర దిగేదాకా మనుషులు అంత ఇరుకులో ఎలా బతికారా అనిపిస్తుంది. తొమ్మిదేళ్ళ పిల్లాడు జన్మలో మర్చిపోడు. రోడ్డుకి అవతల టీయూ 142 విమానం, దాని లోపలికి కూడా వెళ్ళొచ్చు. బయటికొచ్చాక ఇసకలో కూర్చుని మురీ మిక్చర్ తినాలి, ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం కలిపి కాగితం పొట్లంలో ఇస్తాడే, అది. హైదరాబాద్‌లో మరమరాలంటారు కానీ ఆ రుచి వేరు.

ఆదివారం కైలాసగిరి రోప్‌వే, అక్కణ్ణుంచి బీచ్ రోడ్డు పట్టుకుని రుషికొండ, తొట్లకొండ, భీమిలి. తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువులు ఉన్న గదుల పునాదులు ఉన్నాయి, అక్కడ నిలబడితే ఎదురుగా అంతా నీలమే. టిఫినుకి సాయిరాం పార్లర్, భోజనానికి దసపల్లా. చేపలు తినేవాళ్ళైతే వంజరం వేపుడు, చందువా. సోమవారం అరకు, బొర్రా గుహలు, దారిలో బొంగు చికెన్. మంగళవారం సింహాచలం చూసుకుని అట్నుంచి అటే స్టేషన్. విజయనగరంలో ఏం చూపిస్తారు చెప్పండి? కోట బయట నిలబడి ఒక ఫొటో, అంతేగా.

మూడులాంతర్లు
"కోట బయట నిలబడి ఒక ఫొటో" అన్న మాట చదివి నాకు చాలా బాధేసింది. విజయ నామ సంవత్సరం, విజయదశమి, జయవారం అని పిలిచే మంగళవారం, విజయరామరాజు చేతుల మీదుగా 1713లో విజయనగరంలో మొదలైన కోట అది. ఐదు విజయాలు కలిశాయని మన పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. కోట నుంచి నడిచి వెళ్తే పైడితల్లి అమ్మవారి గుడి. గురజాడ వారి ఇల్లు ఉంది. 1919లో పెట్టిన సంగీత కళాశాల ఉంది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. సాయంత్రం పూట ఆ వీధిలో నిలబడితే లోపల్నించి వయొలిన్ సాధన వినిపిస్తుంది. హైదరాబాద్ వాళ్ళకి అది దొరుకుతుందా? పన్నెండు కిలోమీటర్లలో రామతీర్థం, రాములవారి కొండ గుడి. పెద్దావిడకి ఎక్కువ నడక లేకుండా సాయంత్రం దీపాల వేళకి రామనారాయణం, రామాయణ ఘట్టాలన్నీ బొమ్మల్లో చూపించే గుడి.

ఇక తిండి. మార్చి అంటే లేత పనసకాయలొస్తాయి. ఆవపెట్టిన పనసపొట్టు కూర, బెల్లం పులుసు, గుమ్మడికాయ దప్పళం, పొద్దున్నే చోడి అంబలి, అంటే రాగి జావ. ఇవి వైజాగ్‌లో ఏ హోటల్లో పెడతారండీ? చుట్టాలు మన ఇంటికొచ్చి దసపల్లాలో భోంచేసి వెళ్తే మన ఊరు వచ్చినట్టా?

నాగావళి
మా శ్రీకాకుళాన్ని ఎప్పట్లాగే అందరూ మర్చిపోయారు. మార్చి అన్నారు కాబట్టి చెప్తున్నాను, అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడేది ఏడాదిలో మార్చిలో, అక్టోబర్లో కొన్ని రోజులే. తెల్లవారుజామునే బయల్దేరాలి, మబ్బు పడితే కనబడదు. అట్నుంచి శ్రీకూర్మం, కూర్మావతారానికి గుడి, అక్కడ నక్షత్ర తాబేళ్ళని పిల్లలు వదిలిపెట్టరు. వియ్యపురాలికి పొందూరు ఖద్దరు పెట్టండి, పట్టుచీర కంటే మర్యాద.

రాజాం_రోడ్డు
సోమవారం కుర్సురా ఉండదు. జూ కూడా సోమవారం సెలవే. ప్లాన్ వేసుకునేముందు చూసుకోండి.

బీచ్‌రోడ్_సాయంత్రం
@రాజాం_రోడ్డు నేను కుర్సురా పెట్టింది శనివారం సాయంత్రం. సరిగ్గా చదవండి.
@మూడులాంతర్లు కోట చరిత్ర నాకూ తెలుసు సార్. నేనడిగింది చూడటానికి ఏముందని. లోపల నడిచేవి కాలేజీలు. పరీక్షల రోజుల్లో ఆరుగురు చుట్టాల్ని వెంటేసుకుని ఎక్కడ తిప్పుతారు? గోల్కొండకి వెళ్తే పైదాకా ఎక్కొచ్చు, చప్పట్లు కొడితే పైకి వినిపిస్తుందని గైడు చెప్తాడు. ఇక్కడ గైడు ఎవరు?

మూడులాంతర్లు
గైడు మీరే. ఈ ఊళ్ళో పుట్టారు కదా. టికెట్ కొని లోపలికెళ్తేనే చూసినట్టా? తూర్పు గుమ్మం ముందు ఆగి, నగారా ఇక్కడే మోగేదని పిల్లాడికి చెప్పండి, బురుజు చుట్టూ నడిపించండి, పెద్దచెరువు వైపు తీసుకెళ్ళండి. గంట సరిపోతుంది, వాడికి గుర్తుంటుంది.

బీచ్‌రోడ్_సాయంత్రం
గంట అన్నారు. మిగతా మూడున్నర రోజులు?

చోడిఅంబలి
మీరిద్దరూ కోట దగ్గరే ఆగిపోయారు. ఆయన మోకాళ్ళ నొప్పుల పెద్దావిడ సంగతి అడిగారు. కుర్సురా లోపల గుండ్రటి కంతల్లోంచి కాలెత్తి వంగి దాటాలి, ఆవిడ వల్ల కాదు. బొర్రాలో అన్నీ మెట్లే. ఆవిడకి బీచ్‌లో గోడ మీద కూర్చోబెట్టి గాలి తగలనిస్తే చాలు.

బీచ్‌రోడ్_సాయంత్రం
ఒప్పుకుంటాను, పెద్దావిడ విషయం నేను ఆలోచించలేదు. కానీ అసలు సంగతి చెప్తాను. రెండేళ్ళ కిందట మా ఆఫీసులో పైఅధికారి కుటుంబాన్ని మా ఊరు చూడండని నేనే ఆశగా విజయనగరం తీసుకొచ్చాను. మధ్యాహ్నం రెండు దాటింది, ఒక హోటల్లో భోజనం అయిపోయిందన్నారు, ఇంకో చోట ఆడవాళ్ళు చేతులు కడుక్కోవడానికి కూడా శుభ్రమైన చోటు లేదు. ఆవిడ ఏమీ అనలేదు, దారి పొడుగునా కారులో మాట్లాడకుండా కూర్చుంది. ఆ రోజు నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు. మన ఊరంటే నాకూ ప్రేమే. అందుకే ఇంకోసారి అలా చూపించదలచుకోలేదు.

మూడులాంతర్లు
హోటళ్ళు ఎందుకు లేవో నేను చెప్తాను వినండి. గంటస్తంభం దగ్గర మా నాన్న 22 ఏళ్ళు టిఫిన్ హోటల్ నడిపారు. నాలుగు బల్లలు, ఒక పెనం. పెసరట్టు ఉప్మా కోసం పొద్దున్న ఆరుకే జనం నిలబడేవారు. తర్వాత కాస్త డబ్బున్నవాళ్ళంతా పుట్టినరోజుకి వైజాగ్, చీరకి వైజాగ్, చుట్టాలొస్తే వైజాగ్. మిగిలిన బేరంతో అద్దె కూడా కట్టలేక మూసేశారు. మూసిన రోజు ఆ పెనాన్ని ఇంటికి తెచ్చుకుని తోమి పక్కన పెట్టారు, ఇప్పటికీ ఉంది. పది రూపాయలు ఖర్చు పెట్టేవాళ్ళందరూ రైలెక్కి వెళ్ళిపోయి, మళ్ళీ వచ్చి మన ఊళ్ళో హోటల్ లేదంటారు. మీరు వైజాగ్ జీతం తింటున్నారు, వైజాగ్ పాటే పాడతారు.

బీచ్‌రోడ్_సాయంత్రం
నా జీతం మాట మీకెందుకండీ? ఇక్కడ ఉద్యోగం దొరికితే పద్నాలుగేళ్ళు రైల్లో నిలబడి తిరిగేవాణ్ణా? మీ నాన్నగారి హోటల్లో నేనూ తిని ఉంటాను. అది మూతపడింది నా వల్ల కాదు.

నాగావళి
మాస్టారూ, ఇద్దరూ ఒకసారి నీళ్ళు తాగండి.

మూడులాంతర్లు
నేను మీ ఒక్కరినే అనడం లేదు. ఈ ఊరి మర్యాద గురించి చెప్తున్నాను. ఘంటసాల గారు సంగీతం చదువుకోవడానికి ఈ ఊరొచ్చి, తిండికి లేక వీధుల్లో మధుకరం ఎత్తుకుని చదువుకున్నారు. ముక్కూ మొహం తెలియని కుర్రాడి జోలెలో ఈ ఊరి ఇళ్ళు అన్నం వేశాయి. అలాంటి ఊళ్ళో ఉంటూ కడుపున పుట్టిన పిల్ల అత్తవారొస్తే హోటల్ బిల్లు కట్టి పంపిస్తామా? ఇంట్లో విస్తరి వేసి పెట్టాలి. నాలుగు రోజులూ.

కంటోన్మెంట్_కోడలు
ఇందాకణ్ణుంచి చదువుతున్నాను, ఇక ఊరుకోలేక రాస్తున్నాను. ఆ జోలెలో అన్నం వేసింది ఇళ్ళు కాదు బాబూ, ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళు.

పనసపొట్టు కూర అని ఒక్క ముక్కలో రాసేశారు. పనసకాయ కొట్టాలంటే చేతులకీ కత్తికీ నూనె రాసుకోవాలి, జిగురు రెండు రోజులు వదలదు. తొక్క తీసి, ముక్కలు చేసి, పొట్టు కొట్టి, ఉడకబెట్టి, పిండి, పోపు వేసి, ఆవపిండి నూరి చివర్లో కలపాలి. ఆరుగురు చుట్టాలు, ఇంట్లో నలుగురు, పదిమందికి. పొద్దున్న అంబలి, టిఫిను, మధ్యాహ్నం విస్తరి, సాయంత్రం ఫలహారం, రాత్రి మళ్ళీ భోజనం. నాలుగు రోజులు. వియ్యాలవారు కాబట్టి కూరలో ఉప్పు ఎక్కువైతే అదో టెన్షన్.

నాకు పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు. మా ఇంటికొచ్చిన ప్రతి చుట్టాన్నీ మా వాళ్ళు కారెక్కించుకుని వైజాగ్ చూపించారు. కారులో చోటు చాలదు, పైగా రాత్రి వచ్చేసరికి వంట అయి ఉండాలి, అందుకని నేనూ మా అత్తగారూ ఇంట్లో ఉండిపోయేవాళ్ళం. కైలాసగిరి నేను ఫొటోల్లో చూశాను. మన ఊరి కోట కూడా అంతే, కూరగాయలకి వెళ్ళేటప్పుడు దాని పక్కనుంచి వెళ్తాను, ఎవరూ నాకు ఆగి చూపించలేదు. మీరిద్దరూ వారం రోజులైనా వాదించుకోగలరు. ఆయన భార్యని ఎవరైనా అడిగారా?

చోడిఅంబలి
మా అమ్మ గుర్తొచ్చింది.

బీచ్‌రోడ్_సాయంత్రం
అక్కా, అందుకే కదా నేను హోటల్ అన్నాను. రూములు తీసుకుంటే ఆవిడకి వంట బాధ ఉండదు.

కంటోన్మెంట్_కోడలు
మీరు అందుకని అనలేదు తమ్ముడూ. హైదరాబాద్ వాళ్ళకి సముద్రం లేదు కాబట్టి అన్నారు. మీ పైఅధికారి భార్యకి చేతులు కడుక్కోవడానికి చోటు లేదని రెండేళ్ళు బాధపడ్డారు, అది మంచిదే. ఆ రోజు మీ ఆవిడ ఆ కారులో ఉందా?

బీచ్‌రోడ్_సాయంత్రం
లేదు.

మూడులాంతర్లు
అమ్మా, మీరన్నది కాదనను. కానీ మా అమ్మ యాభై ఏళ్ళు వండింది, హోటలుకి చట్నీలు కూడా ఆవిడే నూరేది, ఒక్క రోజు విసుక్కోలేదు. పెట్టడంలో ఆవిడకి సంతోషం ఉండేది. దాన్ని బాధ అంటే నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు.

కంటోన్మెంట్_కోడలు
సంతోషం నాకూ ఉంది. నా చేతి దప్పళం మూడో సారి అడిగి వేయించుకుంటే నాకూ కడుపు నిండుతుంది. ఒక పూట వండి పెడితే సంతోషం. నాలుగు రోజులు వంటింట్లోనే ఉండి, వెళ్ళేటప్పుడు గుమ్మంలో బొట్టు పెట్టి పంపేసరికి వియ్యపురాలితో కూర్చుని పది మాటలు మాట్లాడి ఉండను. ఆవిడ ఇంట్లో నా కూతురు ఉంటుంది బాబూ. నాకు మాట్లాడాలని ఉండదా?

రాజాం_రోడ్డు
మా అప్ప సరిగ్గా ఇదే మాట అని ఏడ్చింది పోయినేడాది.

పెద్దచెరువు_గట్టు
అందరికీ జవాబు ఆలస్యమైంది, క్షమించండి. రాత్రి ఇదంతా మా ఆవిడకి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "సబ్‌మెరైన్ లోపల లైట్లు ఉంటాయా" అని అడిగింది. మాకు పెళ్ళయి 28 ఏళ్ళు. ఎంతమందిని ఆ బీచ్‌కి తీసుకెళ్ళానో నాకే లెక్క లేదు, ఆవిడ ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళలేదన్న సంగతి నాకు తట్టనే లేదు.

ఇప్పటికి అనుకున్నది చెప్తాను. శనివారం మధ్యాహ్నం ఇంట్లో భోజనం, పనసపొట్టు నేనూ అబ్బాయీ కొడతాం, పోపు మాత్రం ఆవిడే పెడతానంది. సాయంత్రం పైడితల్లి అమ్మవారి దర్శనం, రామనారాయణం. ఆదివారం పొద్దున్నే రెండు కార్లలో వైజాగ్, ఆ రాత్రి అక్కడే రూములు. మా ఆవిడా, వియ్యపురాలూ ఒక గదిలో ఉంటామన్నారు. కుర్సురా ఆదివారమే చూసేస్తాం, పెద్దావిడతో నేను బయట గోడ మీద కూర్చుంటాను, నేను ఎన్నోసార్లు చూసిందే. అరకు మానేశాం. సోమవారం తిరుగు దారిలో సింహాచలం. మంగళవారం అరసవల్లి వెళ్ళాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు, రాత్రి రైలుంది కదా.

నాగావళి
తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరితే మధ్యాహ్నానికి ఇల్లు చేరిపోతారు. పొందూరు మర్చిపోకండి.

కంటోన్మెంట్_కోడలు
అన్నగారూ, పనసకాయ కొట్టేముందు కింద పాత పేపర్లు పరవండి. నూనె మోచేతుల దాకా రాసుకోండి, ఉత్త అరచేతులకి రాస్తే చాలదు.

మూడులాంతర్లు
కోట మీ లిస్టులో లేదు. శనివారం గుడికి వెళ్ళే దారిలోనే ఉంది. పిల్లాడితో పాటు మీ ఆవిడకి కూడా ఆగి చూపించండి.